అందరి కొరకు వేసిన బాట: కంప్యూటరులోని బస్సు చరిత్ర

బస్సు అనగానే మన గ్రామమున ప్రతివారికిని ఉదయము రచ్చబండ యొద్ద నిలుచు ఆర్టీసీ బస్సే స్ఫురించును. కంప్యూటరు లోపల కూడ ఒక బస్సు కలదనిన నవ్వువారు లేకపోరు. నేనును ఒకప్పుడు నవ్వినవాడనే. కాని యా రెండు బస్సులకును పేరు ఒకే మూలమునుండి వచ్చినది. లాటిను భాషలో ఓమ్నిబస్ అనగా ‘అందరి కొరకు’ అని యర్థము. ఆ పదము తల పోయి తోక మిగిలి, మొదట వాహనమునకును, తరువాత విద్యుత్కేంద్రములలో ఉమ్మడిగా కరెంటు నందించు లోహపు పట్టీకిని, అటుపిమ్మట కంప్యూటరులోని ఉమ్మడి తీగెల వరుసకును పేరయ్యెను.

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఈ ప్రసంగ మేల యని పాఠకు లడుగవచ్చును. 2003వ సంవత్సరమున బంజారా హిల్స్‌లోని ఒక కార్యాలయము వారు తాము తీసివేసిన కంప్యూటరును మన గ్రంథాలయమునకు దయచేసిరి. మరుసటి వర్షాకాలమున ఊరిలో పిడుగు పడగా, ఆ తాకిడి టెలిఫోను తీగె వెంట వచ్చి, నాటినుండి దానికి ఇంటర్నెట్టు అందదయ్యెను. పట్నమున ఒక దుకాణదారుడు చూచి, ‘ఇక ఇది పనికిరాదు, క్రొత్తది కొనుడు’ అనెను. కార్యవర్గము చేతిలో అంత పైకము లేదు. అప్పుడు అమీర్‌పేటలో హార్డువేరు పని నేర్చుకొనుచుండిన మన యూరి పిల్లవాడొకడు సెలవులకు వచ్చి, నాలుగు మరలు విప్పి, లోపలినుండి అరచేతియంత పలక నొకదానిని ఊడదీసి, ‘మామయ్యా, చెడిపోయినది ఈ మోడెము కార్డొక్కటే’ అనెను. కొన్ని వందల రూపాయలకు అటువంటి కార్డు తెచ్చి అదే గాడిలో గ్రుచ్చెను. కార్డు చేసినవారు వేరు, కంప్యూటరు చేసినవారు వేరు. అయినను ఆ రెండును చిరకాల పరిచితులవలె కలిసి పనిచేసినవి. ఇది యెట్లు పొసగెనని నాకు కలిగిన ఆశ్చర్యమే ఈ వ్యాసమునకు బీజము.

బస్సు అనగా కేవలము తీగెలు కావు. తీగెలను గూర్చిన కట్టుబాటు. కొన్ని తీగెలు ఎవరితో మాటాడవలెనో ఆ చిరునామాను మోయును. కొన్ని అసలు సమాచారమును మోయును. మిగిలినవి ఎప్పుడు పలుకవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో ఆజ్ఞాపించును. ఏ స్థానమున ఏ తీగె యుండవలెనో ముందే నిర్ణయమై యుండుటచే, ఆ నిర్ణయ మెరిగిన వాడెవ్వడైనను దానికి సరిపోవు కార్డు చేయగలడు. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములనియు, పదవ అక్షరము యతిస్థానమనియు నియమము కలదు గదా. ఆ నియమము ఏ యొక్క కవి సొత్తును కాదు. అది యెరిగిన వారందరును తమ తమ మాటలతో పద్యములు కూర్చిరి. గ్రామపు లెక్కలు వ్రాయుచు వయస్సు గడిపిన నాకు పహాణీ గడులును అట్లే తోచును. ప్రతి గ్రామమునను గడులు ఒక్కటే యగుటచేతనే మండలమున లెక్కలు కూడుచున్నవి.

ఇట్టి కట్టుబాటుల అవసరము మొదట తెలిసివచ్చిన చోట్లలో అణుపరిశోధనాలయములు ముఖ్యమైనవి. అచ్చట కొలత పరికరములు పదులకొలది యుండును. ప్రయోగము మారినప్పుడెల్ల వాటి కూర్పును మార్చవలెను. అందుచే ఐరోపా పరిశోధనాలయములవారు కూడి 1969లో కామాక్ అను ప్రమాణమును వెలువరించిరి. ఒక పెట్టెలో 25 స్థానములు, ఒక్కొక్క స్థానమునకు 86 స్పర్శలు. ఎవరు చేసిన పరికరమైనను ఆ పెట్టెలో ఇముడవలెను. ఒక ప్రక్క పరికరమును, మరొక ప్రక్క కంప్యూటరును చూచునదగుటచే, దాని పేరు కూడ రోమను లిపిలో ఎటునుండి చదివినను ఒక్కటిగనే యుండును. మన అనులోమ విలోమ రచనలు చదివిన వారికి ఈ చమత్కారము రుచించును.

ఆ 1969లోనే మన దేశమున ట్రాంబేలో టీడీసీ-12 అను పన్నెండు బిట్ల కంప్యూటరు సిద్ధమయ్యెను. దానిని తయారుచేయు భారము హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థది. 1967లో స్థాపింపబడిన ఆ సంస్థకు సారథి అయ్యగారి సాంబశివరావుగారు. వారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, అమెరికాలోని స్టాన్‌ఫర్డునను చదివిరి. పల్లెలో పుట్టినవారి నాయకత్వమున హైదరాబాదు కంప్యూటర్లు చేయు నగర మయ్యెననుట మనకు గర్వకారణము. 1974లో టీడీసీ-312, 1975లో టీడీసీ-316, 1978లో మైక్రో-78 అచ్చటనుండి వెలువడినవి.

అదే 1978లో ఐబీఎం సంస్థ మన దేశమున వ్యాపారము చాలించి వెడలెను. ఇచ్చట మిగిలిన దాని యంత్రముల పోషణభారమును ప్రభుత్వరంగ సంస్థయగు సీఎంసీ తలకెత్తుకొనవలసివచ్చెను. అమ్మినవాడు వెడలిపోయినచో యంత్రముల గతి యేమి యను ప్రశ్న దేశమునకు నాడు ప్రత్యక్షముగ ఎదురైనది.

ఇక సామాన్యుల చేతికి కంప్యూటరు వచ్చిన కథ. 1975 జనవరిలో అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అను పత్రిక ముఖపత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము కనిపించెను. దానిని చేసినది మిట్స్ అను చిన్న సంస్థ. యజమాని ఎడ్ రాబర్ట్స్. లోపల నూరు స్పర్శల గాళ్ల వరుస. విడి భాగములుగ కొని తెచ్చుకొని, ఎవరింట వారు కూర్చుకొనవలెను. యంత్రముతో వచ్చిన జ్ఞాపకశక్తి 256 బైట్లు మాత్రమే. ఏ పని చేయవలెనన్నను అదనపు కార్డులు కావలెను. మిట్స్ వారి జ్ఞాపకపు కార్డులు సరిగా పనిచేయకపోగా ఇతరులు చేసి అమ్మజొచ్చిరి. రాబర్ట్స్ కినిసి వారిని పరాన్నభుక్కులని నిందించెను. అందొక సంస్థ ఆ నిందనే బిరుదముగ ధరించి తన పేరున చేర్చుకొనెను! ఆ బాట ఒక్క మిట్స్ వారిది మాత్రమే కాదని తెలియునట్లు క్రోమెంకో సంస్థవారు దానికి ఎస్-100 అని నామకరణము చేసిరి.

ఆ బస్సున గుణము లున్నవి, దోషములును ఉన్నవి. విద్యుత్తు సుమారు ఎనిమిది వోల్టుల ముడి రూపమున వచ్చును. ప్రతి కార్డును దానిని తనకు తగినట్లు ఐదు వోల్టులకు దించి సరిచేసికొనును. కాలువ నీరు అందరిది, వడగట్టుకొనుట ఎవరి యింటి పని వారిది యన్నట్లు. కాని తీగెల వరుస తొందరలో కుదిర్చినది. ఒకదాని సంకేతము ప్రక్కదానిపై చిందుచుండెను. పేరు పెట్టక విడిచిన తీగెలను ఒక్కొక్కరు ఒక్కొక్క విధమున వాడుకొనుటచే కార్డులు పోట్లాడుకొనెను. ఐఈఈఈ వారు 1983లో 696వ ప్రమాణముగ దానిని చక్కబరచిరి. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లు, అప్పటికే అంగడి వేరొక దారి పట్టెను.

ఆ దారి వేసినది ఐబీఎం సంస్థయే. 1981 ఆగష్టులో విడుదలైన దాని పీసీలో ఐదు గాళ్లు. లోపలి తీగెల వివరమంతయు పుస్తకరూపమున అచ్చొత్తించి అమ్మిరి. లోకమంతట కార్డులు పుట్టెను. 1987లో అదే సంస్థ మైక్రో చానెల్ అను క్రొత్త బస్సును తెచ్చి, దానిని వాడదలచిన ఇతరులు తన యనుమతి కొనవలెననెను. మరుసటి యేడు తొమ్మిది సంస్థలు ఏకమై పాత బాటనే వెడల్పు చేసి ఈఐఎస్ఏ అనిరి. పాత బాటకు ఐఎస్ఏ యను పేరు నిలిచెను. 1992లో ఇంటెల్ వారి పీసీఐ వచ్చెను. మన గ్రంథాలయపు కంప్యూటరులో ఈ రెండును ఉండెను: నల్లని గాళ్లు ఐఎస్ఏ, తెల్లని గాళ్లు పీసీఐ. ఆ పిల్లవాడు కార్డు గ్రుచ్చినది తెల్లని గాడిలో.

పంజగుట్టనుండి అమీర్‌పేట వరకు నడచి, మైత్రీవనము చుట్టు శిక్షణాలయముల ఫలకములు చూచినప్పుడు నాకొక విషయము తోచెను. అచ్చట కొలది మాసములలో పల్లె పిల్లలు ఈ విద్య నేర్వగలుగుటకు కారణ మేమి? ఒకే పాఠము అన్ని కంపెనీల యంత్రములకును చెల్లుటయే. కంపెనీ కొక రహస్యముండిన, ఆ పిల్లవానికి అన్నము పెట్టు విద్య లేదు. మన గ్రంథాలయమునకు కంప్యూటరును లేదు.

ఈ రజతోత్సవమున కార్యవర్గమువారు క్రొత్త కంప్యూటరు కొనదలచినారు. నేడు అంగడిలో పలుచని, అందమైన యంత్రములు కలవు. అవి తక్కువ కరెంటుతో పనిచేయును, చోటును కలిసివచ్చును. కాని వాటిలో కొన్నింట జ్ఞాపకపు చిప్పులు పలకకే అతుకబడి యుండును. ఒకటి చెడిన అన్నియు చెడినట్లే. కావున, కాస్త లావైనను సరే, మూత విప్పుటకు వీలై, లోపల ఖాళీ గాళ్లున్న యంత్రమునే కొనవలెనని నా మనవి. పిడుగు మరల పడకపోదు. పడిననాడు మరలు విప్పు పిల్లవాడు మన యూర నుండిన చాలదు. విప్పదగిన మరలును ఉండవలెను.