నడిమి పెట్టె

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకొని బతికినవాడికి స్పీకరు పెట్టెల చరిత్రతో ఏమి పని అని మిత్రులు అడుగుతారేమో. అడగవలసిన మాటే. ఈ టపాకు కారణం మా ఇంటి సంగతి కాబట్టి ముందు అది చెప్పి, ఆ తరువాత చరిత్రలోకి వెళతాను.

నిరుడు వేసవిలో బోస్టన్ దగ్గర ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. ఇంటి నేలమాళిగలో వాడొక హోం థియేటర్ అమర్చుకున్నాడు. గోడంత తెర, చుట్టూ అరచేతిలో ఇమిడే ఐదు చిన్న పెట్టెలు, మూలన ఒక బరువైన పెట్టె. వెళ్ళిన తొలి శనివారం మా కోసమని ‘మాయాబజార్’ పాత నలుపు తెలుపుల ప్రతి పెట్టాడు. కాసేపటికి మా శ్రీమతి నావైపు వంగి, ‘‘ఏమండీ, ఇప్పుడాయన ఏమన్నాడు?’’ అని అడిగింది. వాడు శబ్దం పెంచాడు. పెంచినకొద్దీ సంగీతం హోరెత్తిందే కాని మాట తేటపడలేదు. ‘‘వినబడుతోందిరా, ఏ మాటో తెలియడం లేదు’’ అని ఆమె లేచి పైకి వెళ్ళిపోయింది. సినిమా అక్కడితో ఆగింది.

వినబడటం వేరు, తెలియడం వేరు. మన వ్యాకరణం అచ్చులను ప్రాణాలనీ, హల్లులను ప్రాణులనీ అంటుంది. ధ్వనిశాస్త్రం చెప్పేదీ దానికి దూరం కాదు. మాటలోని బలమంతా చాలావరకు అచ్చులదే; అది దిగువ స్థాయి శబ్దాలలో ఉంటుంది. ఒక మాటను మరొక మాటనుంచి వేరుచేసేవి మాత్రం ఎక్కువగా హల్లులు. ‘త’, ‘స’, ‘శ’ వంటివాటి జాడ ముఖ్యంగా 2000 హెర్ట్జ్‌లకు పైన, ఎంతో తక్కువ బలంతో ఉంటుంది. వయసుతోపాటు చెవి మొదట పోగొట్టుకునేది ఆ పై భాగాన్నే. అందుకే పెద్దవాళ్ళకు అరిచి చెప్పినా ప్రయోజనం ఉండదు. అరుపులో పెరిగేది అచ్చు మాత్రమే.

మరునాడు అబ్బాయి, ‘‘ఇక్కడ పాత స్పీకర్లు చవగ్గా దొరుకుతాయి నాన్నా, పెద్దవి చూద్దామా?’’ అన్నాడు. కొనేముందు చదవడం నాకు అలవాటు. ఆ చదువులో తేలిన సంగతులివి.

1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు తమ లౌడ్‌స్పీకరుకు మేగ్నావాక్స్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు ‘మహాస్వరం’ అని అర్థం. 1919లో శాన్ డియేగోలో అధ్యక్షుడు విల్సన్ వేలాది జనానికి వినబడేలా మాట్లాడింది ఆ యంత్రంతోనే. అంటే లౌడ్‌స్పీకరు పాటకన్నా ముందు మాటకు పనికివచ్చిన పరికరం. నేటికీ మనం వాడే కాగితపు కోను స్పీకరు రూపాన్ని జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన రైస్, కెలాగ్‌లు 1925లో ప్రకటించారు. 1931లో ‘ఆలం ఆరా’, 1932లో మన ‘భక్త ప్రహ్లాద’ మాట్లాడటం వెనుక ఈ పదిహేనేళ్ళ శ్రమ ఉంది.

టాకీలు వచ్చిన కొత్తలో హాళ్ళలో మరొక చిక్కు ఎదురైంది. బొంగురు శబ్దాన్ని వినిపించే పెద్ద కొమ్ములో ధ్వని ఎక్కువ దూరం తిరిగి బయటికి వచ్చేది; సన్నని శబ్దం తిన్నగా వచ్చేది. నర్తకి ఎలియనార్ పవెల్ బూటు చప్పుడు ఒకటికి రెండుగా వినబడిందని ఎం.జి.ఎం. ఇంజినీరు జాన్ హిలియర్డ్ ఆ తరువాత చెప్పుకున్నాడు. డగ్లస్ షియరర్ నాయకత్వంలో ఆ దూరాలను సరిచేసి నిర్మించిన జంట కొమ్ముల స్పీకరుకు 1936వ సంవత్సరపు సాంకేతిక ఆస్కారు దక్కింది. 1945లో వచ్చిన ఆల్టెక్ లాన్సింగ్ వారి ‘వాయిస్ ఆఫ్ ద థియేటర్’ ఆ దారిలోదే. పేరులోనే ‘కంఠం’ ఉన్న సంగతి గమనించండి.

ఇక ఈ టపాకు ఆయువుపట్టయిన విషయం. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న వాద్యబృందాన్ని బెల్ ప్రయోగశాలవారు తీగల మీదుగా వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలులో వినిపించారు. అక్కడ అమర్చినవి రెండు స్పీకర్లు కావు, మూడు: ఎడమ, నడుమ, కుడి. సినిమావాళ్ళు ఆ మూడింటినీ వదలలేదు. 1953లో సినిమాస్కోపుతో వచ్చిన ‘ద రోబ్’కు తెర వెనుక మూడు మార్గాలు, హాలులో ఒకటి ఉన్నాయి. మరి ఇళ్ళలో రెండే ఎందుకు మిగిలాయి? గ్రామఫోను గాడికి రెండే గోడలు కనుక. 1958లో స్టీరియో రికార్డులు బజారుకు వచ్చినప్పుడు ఒక్కొక్క గోడమీద ఒక్కొక్క శబ్దాన్ని చెక్కారు. మూడో శబ్దానికి చోటు లేదు. ఆనాటినుంచి స్పీకర్లు జంటలుగానే తయారై, జంటలుగానే అమ్ముడుపోయాయి. నడిమి పెట్టె మళ్ళీ గృహప్రవేశం చేసింది 1987లో, డాల్బీ ప్రోలాజిక్‌తో.

ఈ చరిత్ర తెలియకపోతే పాత స్పీకర్లు కొనేవాడు పొరబడతాడు. జంట చూస్తాడు, ముచ్చటపడతాడు, ఎడమకూ కుడికీ పెట్టుకుంటాడు. నడుమ మాత్రం పాత చిన్న పెట్టే మిగులుతుంది. సినిమాలో సంభాషణ దాదాపుగా పలికేది ఆ నడిమి పెట్టెలోనే. ‘మాయాబజార్’ వంటి ఒంటి మార్గపు సినిమా అయితే, మా అబ్బాయి అమరికలో, మాటా పాటా సమస్తమూ అందులోనుంచే రావాలి. మిగతావి మౌనప్రేక్షకులు.

మేమూ మొదట పొరబడ్డాము. ఒకాయన దగ్గర నిగనిగలాడే జంట కొన్నాము. ఇంటికి తెచ్చి ముందు గుడ్డ తీసి చూస్తే, కోను చుట్టూ ఉండవలసిన ఫోం పట్టీ వేలు తగలగానే నల్లటి పొడిగా రాలిపోయింది. 1970ల తరువాత చాలా స్పీకర్లలో వాడిన ఆ ఫోం పది, ఇరవై ఏళ్ళలోనే గాలికీ తేమకూ చివికిపోతుంది. కొత్త పట్టీ అతికించవచ్చు. కాని ఆ ఖర్చు ధరలోనే తగ్గించుకోవలసింది; పైమెరుగు చూసి మేము ఆ పని చేయలేదు.

అప్పటినుంచి నాకొక పద్ధతి ఏర్పడింది. గుడ్డ తీయనిదే బేరం లేదు. కోనును రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గీరుకున్న చప్పుడు వస్తే లోపలి తీగచుట్ట పక్కకు ఒరిగినట్టు. గుడ్డ పట్టీ, మడత కాగితపు పట్టీ ఫోంకన్నా చాలాకాలం మన్నుతాయి. ట్వీటరు దగ్గర చెవిపెట్టి వినాలి. అది పలకకపోతే హల్లులు లేనట్టే. లోపలి కెపాసిటర్లు ముసలివైతే పై శబ్దం మందగిస్తుంది, అయితే వాటిని మార్చడం పెద్ద పని కాదు.

వెనుక రాసి ఉన్న ఓములు చూడాలి. 4 ఓముల పెట్టెకు ఈనాటి చవక ఆంప్లిఫయరు వేడెక్కిపోవచ్చు. ఒక వాటుకు ఎంత శబ్దం ఇస్తుందో కూడా కనుక్కోవాలి. బి.బి.సి. ఇంజినీర్లు 1970లలో రూపొందించిన ఎల్.ఎస్. 3/5ఎ అనే బుల్లి పెట్టె మానవకంఠాన్ని పలకడంలో పేరుపొందింది. దాని లెక్క సుమారు 83 డెసిబెల్లు. పాత క్లిప్ష్ హెరెసీ లెక్క సుమారు 96. ఈ 13 డెసిబెల్ల తేడాను పూడ్చాలంటే ఇరవై రెట్ల వాట్లు కావాలి. చిన్న గదిలో దగ్గర కూర్చుని వినేవారికి మొదటిదే మేలు కావచ్చు. మా నేలమాళిగ పొడుగు.

ఆ హెరెసీ పుట్టుక చెప్పాలి. పాల్ క్లిప్ష్ 1946లో గది మూలనే కొమ్ముగా వాడుకునే క్లిప్ష్‌హార్న్ అమ్మడం మొదలుపెట్టాడు. అలాంటి రెండింటిని విశాలమైన గదికి రెండు మూలలా పెడితే నడుమ వెలితిగా ఉంటుంది. ఆ వెలితి పూడ్చడానికి 1957లో మూల అక్కరలేని పెట్టె ఒకటి చేశాడు. మూల సిద్ధాంతం చెప్పినవాడే ఇలా చేస్తే అపచారం కాదా అని ఎవరో అన్నారట; దానికి ‘హెరెసీ’, అంటే మతధిక్కారం, అనే పేరే పెట్టాడు. అది పుట్టిందే నడుమ నిలబడటానికి. ‘మాయాబజార్’ విడుదలైందీ ఆ 1957లోనే.

ఒక ఇంటి సామాను అమ్మకంలో అబ్బాయికి అలాంటిది ఒకటి కనబడింది. జంట లేదు. జంట తప్పిన పెట్టెను ఎవరూ కొనరు కనుక ఇంటివారు కొద్దిపాటి సొమ్ముకే ఇచ్చారు. మాకు కావలసిందీ ఆ ఒంటి పెట్టే. నేను ముందే నా గొంతుతో ‘కాలు, తాలు, పాలు, సాలు’ వంటి మాటలను వరుస మార్చి మార్చి ఫోనులో చదివి పెట్టుకున్నాను. తెర కింద పెట్టెను కొద్దిగా పైకి వాల్చి నిలిపి, శ్రీమతిని కూర్చోబెట్టి వినిపించాము. చిన్న పెట్టెలో సగానికి సగం తప్పినది, ఇందులో ఇంచుమించు అన్నీ సరిగా చెప్పింది. ‘కాలు’, ‘తాలు’ మాత్రం తారుమారయ్యాయి.

ఆ తారుమారు నన్ను వదలలేదు. దాని గురించి చదువుతుండగా తెలిసిన పేరు ఎదురైంది. ఎడ్గర్ విల్చర్. బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జిలో 1954లో, మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొని, చిన్న పెట్టెలోనే లోతైన శబ్దం పలికించిన ఎ.ఆర్. స్పీకర్ల సృష్టికర్త. ఆయన కూడా ఒకప్పుడు పాఠాలు చెప్పినవాడే. 1967లో సంస్థను అమ్మేసి వినికిడి యంత్రాల పరిశోధనకు దిగాడు. తగ్గిన చెవికి అన్ని శబ్దాలనూ ఒకే కొలతలో పెంచితే చాలదనీ, పై శబ్దాలనూ కింది శబ్దాలనూ విడదీసి, నెమ్మదివాటిని ఎక్కువగా, బిగ్గరవాటిని తక్కువగా పెంచాలనీ 1973లో ప్రకటించాడు. నేటి వినికిడి యంత్రాలు నడుస్తున్నది ఆ దారిలోనే. లోకానికి మంచి స్పీకరు ఇచ్చిన మనిషి, స్పీకరు చేయగలిగిన మేలుకు ఒక హద్దుందని గ్రహించి చెవి దగ్గరకు వచ్చాడన్నమాట.

ఇల్లు చేరాక శ్రీమతిని పరీక్షకు తీసుకువెళ్ళాను. మూడేళ్ళుగా నేను వాయిదా వేస్తున్న పని అది. రెండు చెవుల్లోనూ పై శబ్దాలు తగ్గాయన్నారు. ఇప్పుడు యంత్రం పెట్టుకుంటోంది. ‘‘మీ దంత్యాలూ తాలవ్యాలూ నాకు మళ్ళీ వేరువేరుగా వినిపిస్తున్నాయి’’ అని వేళాకోళమాడింది. ఇన్నాళ్ళూ నేను గొణుగుతున్నానని ఆమె, ఆమె పరధ్యానంగా ఉందని నేను అనుకున్నాము.

పాత పెట్టెలు కొనదలచిన మిత్రులకు నా మనవి ఇంతే. ముందు నడిమిది ఎంచండి, పక్కవి ఆ గొంతుకు తగినవి తరువాత చూడవచ్చు. పాటతో కాక, మాటతో పరీక్షించండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వారినే తీర్పరులుగా కూర్చోబెట్టండి. తీర్పులో తేడా వస్తే పెట్టెను ఒక్కదాన్నే అనుమానించకండి.

అబ్బాయి ఇంకా ఎడమ కుడి జంట కోసం వెతుకుతున్నాడు. నాకేమీ తొందర లేదు. వచ్చే వేసవికి ఆగిన చోటినుంచి సినిమా చూడాలని శ్రీమతి ఇప్పటినుంచే అంటోంది.