ఓడపై వాలిన విమానం

జెట్ విమానం నేల మీద దిగవలెనంటే మైలు పొడవు బాట కావాలి. ఓడ మీద దిగవలెనంటే దానికి దొరికేది కొన్ని వందల అడుగులు మాత్రమే. అదీ నిలకడగా ఉన్న నేల కాదు. ముందుకు సాగిపోతూ, అలలకు లేచి పడుతూ ఉండే ఇనుప చదును. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన వైరాన్ని తలచుకొన్నప్పుడు మనకు అణుబాంబులు, రాకెట్లు, గూఢచారులు స్ఫురిస్తారు. కాని ఆ కాలంలో దూర సముద్రాల మీద తన మాట చెల్లించుకోదలచిన ప్రతి రాజ్యానికీ మొదట ఎదురైన ప్రశ్న ఇంతకంటె చిన్నది: జెట్ విమానాన్ని ఓడ మీద ఎట్లా దింపడం?

మొట్టమొదట దింపినవాడు ఎరిక్ బ్రౌన్ అనే బ్రిటిష్ వైమానికుడు. 1945 డిసెంబరు 3న ఆయన ‘ఓషన్’ అనే నౌక మీద వాంపైర్ జెట్ విమానాన్ని వాల్చినాడు. ఒకసారి చేయడం వేరు, దినదినమూ చేయడం వేరు. పాత విమానాలకు ముందు పంకా ఉండేది. డెక్కుకు అడ్డంగా బిగించిన ఉక్కుతీగలలో ఒకదానిని విమానపు తోక కొక్కెం పట్టుకొనేది. పట్టు తప్పితే ముందున్న అడ్డుకట్టకు తగిలి ఆగేది. ఆ అడ్డుకట్ట వెనుకనే తక్కిన విమానాలు నిలిపి ఉంచేవారు. జెట్టు బరువు ఎక్కువ, వడి ఎక్కువ. పైగా వైమానికుడు తిరిగి శక్తి కోరిన వెంటనే ఆ ఇంజను అందుకోలేదు. తీగ తప్పితే ఇక మిగిలేది అడ్డుకట్ట, దాని వెనుక పెట్రోలు నిండిన విమానాల గుంపు. ఇట్లా పోయిన ప్రాణాలు తక్కువ కావు. చక్రాలే లేకుండా విమానాన్ని రబ్బరు పరుపు మీద బోర్లా దింపే ప్రయత్నం కూడా 1948లో జరిగినది. అది విజయవంతమైనదే గాని, దిగిన విమానాన్ని మళ్ళీ కదల్చడం ఎట్లాగన్నది వేరొక తలనొప్పి అయినది.

దారి చూపినవారు అగ్రరాజ్యాలవారు కారు. యుద్ధంలో గెలిచి, ఖజానా ఖాళీ చేసుకొన్న బ్రిటిషువారు. 1951లో డెన్నిస్ కాంబెల్ అనే నౌకాదళాధికారి, లూయిస్ బాడింగ్టన్ అనే ఇంజనీరు కలిసి ఆలోచించినది వింటే ఇంతేనా అనిపిస్తుంది: దిగే బాటను ఓడ పొడవునా నేరుగా గాక కొంచెం ఎడమకు వాల్చి వేయడం. అప్పుడు తీగ తప్పిన విమానానికి ఎదురుగా ఏమీ ఉండదు, సముద్రం తప్ప. ఇంజను శక్తి తగ్గించకుండానే దిగి, పట్టు దొరకకపోతే అట్లాగే ఎగిరి చుట్టు తిరిగి రావచ్చును. 1952లో ‘ట్రయంఫ్’ నౌక డెక్కు మీద ఏటవాలు గీతలు రంగుతో గీసి పరీక్షించినారు. అమెరికా వారు ఆ సంవత్సరమే తమ ‘యాంటీటమ్’ నౌకకు నిజమైన వాలుడెక్కు కట్టుకొన్నారు.

రెండవది కోలిన్ మిచెల్ రూపొందించిన ఆవిరి వడిసెల. నౌకను నడిపే బాయిలర్ల ఆవిరినే డెక్కు కింది గొట్టాలలోకి పంపి, ఆ ఊపుతో విమానాన్ని విసరివేసే యంత్రమది. మూడవది అద్దం. నికొలస్ గుడ్‌హార్ట్ అనే అధికారి దీని సూత్రాన్ని వివరించడానికి కార్యాలయంలోని సహాయకురాలి చేతి అద్దమూ, పెదవుల రంగూ అడిగి తీసుకొన్నాడంటారు. అద్దం మీద ఒక గీత గీసి, ఎదుట పెదవుల రంగు గొట్టం నిలబెట్టి, దాని ప్రతిబింబపు మొన ఆ గీత నుంచి తొలగకుండా చూస్తూ నడిచి రమ్మంటే, ఆమె గడ్డం సరిగా బల్లకు వచ్చి ఆనినదట. వైమానికుడు చేయవలసినదీ అదే. అద్దంలోని వెలుగును దీపాల వరుసతో సమంగా ఉంచుకొంటే విమానం తనంతట తగిన చోటికి దిగివస్తుంది. నౌకాదళ చరిత్రలో ఇంత చవుకగా ఇన్ని ప్రాణాలు కాపాడిన ఉపాయం మరొకటి ఉన్నదా అని మాకు అనుమానమే.

సోవియట్ నాయకులు అప్పట్లో ఈ పోటీలో దిగలేదు. విమానవాహక నౌకలు కట్టడం కంటె, తీరం నుంచి ఎగిరి వాటిని క్షిపణులతో వేటాడగల టీయూ-16 వంటి పెద్ద విమానాలను పెంచుకోవడమే లాభమని క్రుశ్చేవ్ కాలంలో తలచినారు.

ఇక మన సంగతి. 1945లో జలప్రవేశం చేసి, యుద్ధం ముగియడంతో అసంపూర్తిగా వదిలివేసిన ‘హెర్క్యులిస్’ అనే బ్రిటిష్ నౌకను 1957లో భారత ప్రభుత్వం కొన్నది. సగంలో ఆగిన ఓడ కావడమే దానికి మేలైనది: బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేసేటప్పుడు వాలుడెక్కు, ఆవిరి వడిసెల, అద్దం మూడూ అమర్చినారు. 1961 మార్చి 4న అది ‘విక్రాంత్’ అయినది. ఆ సంవత్సరమే నవంబరులో అమెరికా ‘ఎంటర్‌ప్రైజ్’ సేవలో ప్రవేశించినది. ఇది 700 అడుగుల ఓడ, అది 1,100 అడుగులకు మించినది. దీనికి ఒక వడిసెల, దానికి నాలుగు. దీనికి నూనె బాయిలర్లు, దానికి 8 అణు రియాక్టర్లు. పనిముట్లు మాత్రం అవే.

పదేళ్ళకు రెండూ ఒకే సముద్రం వైపు సాగవలసి వచ్చినది. 1965 యుద్ధకాలంలో విక్రాంత్ మరమ్మతులలో ఉండి బొంబాయి రేవు కదలలేదు; ఆ మాట నావికులకు ముల్లువలె గుచ్చుకొంటూ ఉండినది. 1970లో బాయిలర్ల నీటి పీపాలలో పగుళ్ళు కనిపించినవి. అతుకు వేయడానికి వీలులేనివి. సుమారు 24 నాట్ల వేగంతో పోగల ఓడను 14 నాట్లకు పరిమితం చేసినారు. ఇక్కడ చిక్కు రెండింతలు. వడిసెలకు ఆవిరి ఇచ్చేవి ఆ బాయిలర్లే. విమానం లేవడానికి డెక్కు మీద కావలసిన ఎదురుగాలిని పుట్టించేది ఓడ వేగమే. పగులు పెరిగి పీపా చీలితే బాయిలరు గదిలోని వారి గతి చెప్పనక్కరలేదు. అయినా నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా ఆ నౌకను యుద్ధానికి పంపడానికే నిశ్చయించినారు. గాలివాటం చూసి, విమానం మోసే బరువును లెక్కకట్టి, పని జరిగేటట్లు చేయడం కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ బాధ్యత అయినది.

దానిని వెదుకుతూ బంగాళాఖాతానికి వచ్చిన జలాంతర్గామి పాకిస్తాన్ వారి ‘ఘాజీ’. అమెరికా కట్టి, 1963లో వారికి అద్దెకిచ్చినది. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవులకు తరలిపోయి ఉండగా, అది విశాఖపట్నంలోనే ఉన్నదనిపించే ఏర్పాట్లు ‘రాజ్‌పుత్’ అనే పాత నౌక సహాయంతో చేసినారు. డిసెంబరు 3 అర్ధరాత్రి సమయంలో విశాఖ రేవు ముఖద్వారం దగ్గర పెద్ద పేలుడు జరిగినది. ఘాజీ 90 మందికి పైగా నావికులతో అక్కడనే మునిగినది. రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్లనని మనవారు, అది తాను పరచిన మందుపాతర వల్లనేనని పాకిస్తాన్ వారు అంటారు. మరునాడు తేలివచ్చిన శకలాలను ఏరి తెచ్చినవారు మన జాలరులు.

ఆ మరునాడే, డిసెంబరు 4న, విక్రాంత్ నుంచి 8 సీహాక్ జెట్లు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేసినవి. తరువాతి దినాలలో సీహాక్‌లు, ఫ్రెంచివారి ఎలిజే విమానాలు చిట్టగాంగ్, ఖుల్నా, మంగ్లా రేవులలోని ఓడలను, విమానస్థలాలను కొట్టినవి. తూర్పు తీరానికి సముద్రమార్గం మూసుకుపోయినది. ఎంటర్‌ప్రైజ్ నాయకత్వంలో అమెరికా దళం డిసెంబరు 15న బంగాళాఖాతంలో ప్రవేశించేసరికి, ఆపడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. మరునాడే ఢాకాలో లొంగుబాటు. వ్లాదివొస్తోక్ నుంచి వచ్చిన సోవియట్ నౌకలు, జలాంతర్గాములు అమెరికా దళాన్ని నీడవలె వెంబడించినవి. రెండు అగ్రరాజ్యాలు మన తీరానికి అంత చేరువలో ఎదురుబొదురుగా నిలిచిన దినాలవి. ఎంటర్‌ప్రైజ్ మీది నాలుగు వడిసెలలూ ఆ యుద్ధంలో ఒక్క విమానాన్ని పోరుకు విసరలేదు.

ఎంటర్‌ప్రైజ్ 2012లో విధులు విరమించినది. అమెరికా జలాంతర్గాములను వేటాడడానికి సోవియట్‌వారు నిర్మించిన టీయూ-142 విమానం ఒకటి, మన నౌకాదళంలో 2017 వరకు పనిచేసి, ఇప్పుడు విశాఖ సముద్రతీరాన ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. విక్రాంత్ 1997లో విశ్రాంతి తీసుకొన్నది. కొన్నేళ్ళు బొంబాయిలో ప్రదర్శనశాలగా ఉండి, 2014లో విచ్ఛేదానికి పోయినది. ఆ లోహంలో కొంత 2016లో మోటారు సైకిళ్ళ తయారీకి వాడినారు.