ముప్పై ఆరు గంటలు, ముప్పై రోజులు

2011లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఓ చిన్న తెలుగు సాహిత్య సైటు నడిపేవాణ్ణి. కథల కింద కామెంట్లలో రచయితలూ పాఠకులూ జుట్లు పట్టుకునేవాళ్ళు. మా సైటుకి కళంతా అదే. ఆ ఏడాది ఏప్రిల్ 11న ఐటీ చట్టం కింద కొత్త రూల్స్ వచ్చాయి. ఇతరుల రాతలకి చోటిచ్చే ఏ సైటులోనైనా "తీవ్రంగా హానికరమైనవి", "దైవదూషణ", "కించపరిచేవి" ఉండకూడదట. ఫిర్యాదు అందితే 36 గంటల్లో చర్య తీసుకోవాలట. కించపరచడమంటే ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. కవితా సంపుటి బాగాలేదంటే కవిని కించపరిచినట్టా? నవ్వుకున్నాం. కానీ ఆ వారమే రెండు కామెంట్లు తీసేశాం. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, మాకే భయమేసింది.

ఇదంతా పార్లమెంటు రాసిందే అనుకున్నాను చాలా రోజులు. కాదు. సైట్లు తగిన జాగ్రత్త తీసుకోవాలి, ప్రభుత్వం చెప్పే మార్గదర్శకాలు పాటించాలి అని మాత్రమే పార్లమెంటు అంది. మిగతాదంతా శాఖ రాసుకున్నదే. మన రోజువారీ బతుకుని పట్టుకునేవి ఎక్కువగా ఇలాంటి రూల్సే. వాటి మీద ఎవరి కన్ను ఉంటుందని వెతకబోతే, కథ ఓ నల్లమందు కేసు దగ్గర తేలింది.

జైపూర్ సంస్థానంలో మహారాజు మైనరుగా ఉండగా, 1923లో మంత్రిమండలి నల్లమందు మీద ఓ చట్టం తీర్మానించింది. గెజిట్లో వెయ్యలేదు, ఊళ్ళో చాటింపూ లేదు. పాతికేళ్ళ తర్వాత, 1948లో, హర్లా అనే మనిషికి ఆ చట్టం కింద యాభై రూపాయల జరిమానా పడింది. యాభై రూపాయల కోసం ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు! జనానికి తెలియజెయ్యని చట్టం చట్టం కాదంటూ 1951లో జస్టిస్ వివియన్ బోస్ ఆ శిక్షని కొట్టేశారు.

చాటింపైతే సరే. చాటిన రూలే అర్థం కాకపోతే? అన్యాయమైతే? బ్రిటన్‌లో ప్రధాన న్యాయమూర్తి హ్యూవర్ట్ 1929లోనే ఈ గోల మీద 'ది న్యూ డెస్పాటిజమ్' అని ఓ పుస్తకమే రాశాడు. మన లోక్‌సభలో 1953 డిసెంబరులో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఏర్పడింది. పదిహేనుమంది సభ్యులు. మంత్రులు ఉండకూడదు. మొదటి అధ్యక్షుడు ఎన్.సి. ఛటర్జీ, ప్రతిపక్షం మనిషి. రూలు చట్టం గీత దాటిందా, కోర్టుకి వెళ్ళే దారి మూసిందా, గెజిట్లో వెయ్యడానికి ఆలస్యమైందా అని చూడటం దాని పని. ఆ జాబితాలో నాకు నచ్చింది చివరిది: రూపం వల్లగానీ అర్థం వల్లగానీ వివరణ అవసరమా? అంటే "ఇది మీకైనా అర్థమైందా బాబూ" అని శాఖని నిలదీసే హక్కన్నమాట.

ఇంకో ఏర్పాటూ ఉంది. రూల్స్‌ని ఉభయ సభల ముందు మొత్తం ముప్పై రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒప్పుకుంటే మార్చొచ్చు, రద్దు చెయ్యొచ్చు. ఎవరూ నోరెత్తకపోతే రూలు అలాగే ఉంటుంది. మౌనం అంగీకారమన్న మాట పెళ్ళిచూపుల్లోనే అనుకున్నాను. పైగా, నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చిన ఓ ఉత్తర్వు గురించి 1979లో అట్లాస్ సైకిల్ కేసులో సుప్రీంకోర్టు, సభ ముందు ఉంచకపోయినంత మాత్రాన అది చెల్లకుండా పోదంది.

మా 36 గంటల రూల్స్ విషయంలో మాత్రం ఒకాయన నోరెత్తాడు. కేరళ సభ్యుడు పి. రాజీవ్ రాజ్యసభలో వీటిని రద్దు చెయ్యాలని తీర్మానం పెట్టాడు. 2012 మే 17న చర్చ జరిగింది. ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ కూడా రూల్స్‌ని తప్పుబట్టారు. అందరితో మాట్లాడతానని మంత్రి కపిల్ సిబల్ హామీ ఇచ్చారు. తీర్మానం వీగిపోయింది. నెగ్గినా లోక్‌సభ కూడా ఒప్పుకోవాలి కదా. కానీ ఆ చర్చ ఊరికే పోయిందని అనలేను. 2013 మార్చిలో శాఖ ఓ వివరణ ఇచ్చింది: 36 గంటలంటే ఫిర్యాదు అందిందని స్పందించడానికట, పరిష్కారానికి నెల టైముందట. రెండేళ్ళు మేమంతా తప్పు చదివామన్నమాట! ఆ నెలలోనే లోక్‌సభ కమిటీ కూడా ఈ రూల్స్‌లోని అస్పష్టత తొలగించమంది.

ఆ పదాల జాబితా మాత్రం కదల్లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఎవరో ఫిర్యాదు చేస్తే చాలదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో ఉంటేనే తీసెయ్యాలి అని రూలుకి అర్థం కుదించింది.

అప్పటికి మా సైటు మూతపడింది. డొమైన్ డబ్బులు కట్టక. దానికి ఏ రూలూ కారణం కాదు. తీసేసిన రెండు కామెంట్లలో ఒకటి ఇంకా గుర్తుంది. ఓ పేరున్న రచయిత గురించి ఎవరో పాఠకురాలు రాసింది: "ఈయన పల్లెటూరిని బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు." ఆ రచయిత కూడా ఏమీ అనలేదు.