తళుకు మాట తెచ్చిన పొరుగువాళ్లు

మన ఊరి పేరు విడదీస్తే చరిత్ర కొంత చేతికొస్తుంది. కోటగుళ్లున్న ములుగు ఘనపురం వేరు, నిజాం కాలంలో పట్టాలు పడ్డాక రైలాగే మన స్టేషన్ ఘన్‌పూర్ వేరు. ఒక పరాయి మాట వచ్చి ఊరి పేరులో కూర్చుందంటే దాని వెనక ఎవరో వచ్చినట్టే లెక్క. నేను స్థిరపడిన ఇంగ్లండు చరిత్రనూ ఇలాగే చదవవచ్చు. తళుక్కుమనడానికి ఇక్కడివాళ్లు వాడే 'గ్లిటర్' అనే క్రియనే తీసుకోండి. వెలుగుకు వాళ్లకు సొంత మాటలు లేక కాదు. షైన్, గ్లీమ్, గ్లిసన్ అన్నీ ఆంగ్లో-శాక్సన్ల నాటివే. గ్లిటర్ మాత్రం పాత నార్సు భాషలోని 'గ్లిత్రా' నుంచి, అంటే వైకింగుల నోటి నుంచి వచ్చింది.

వైకింగులనగానే 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచిన దండే గుర్తొస్తుంది. దోపిడీగాళ్ల మాటను జనం ఎందుకు దాచుకుంటారు? జవాబు ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో ఉంది. వైకింగు నాయకుడు హాఫ్డాన్ ఉత్తర ఇంగ్లండులోని నార్తంబ్రియా భూములను తనవాళ్లకు పంచాడనీ, వాళ్లు దున్నుకుని బతకసాగారనీ 876 కింద రాశారు. కత్తి దించి నాగలి పట్టినవాళ్లు పొరుగువాళ్లయ్యారు. డెర్బీ, విట్బీ లాంటి పేర్ల చివరి 'బీ' వాళ్ల భాషలో పల్లె. గుడ్డుకు ఎగ్, ఆకాశానికి స్కై, చివరికి 'వాళ్లు' అనే సర్వనామం 'దే' కూడా వాళ్లవే. సర్వనామం రాజాజ్ఞతో మారదు, పొద్దస్తమానం కలిసి మాట్లాడుకుంటేనే మారుతుంది.

పాత ఇంగ్లీషులోనే 'గ్లిటెనియన్' అనే క్రియ ఉంది కదా, అరువెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ పోలికే నా వాదానికి బలం. రెండు భాషలూ ఒకదానికొకటి అంత దగ్గర కాబట్టే రైతుకు రైతు మాట అర్థమైంది, నార్సు రూపం చొరవగా లోపలికి రాగలిగింది. 1066లో గెలిచిన నార్మన్ల ఫ్రెంచి కూడా ఇళ్లలోకి వచ్చింది, ఫేస్, టేబుల్ అలా వచ్చినవే. అయినా కోర్టు, జడ్జి, పార్లమెంటు లాంటి ఏలుబడి మాటల్లోనే దాని ముద్ర గట్టిది. మెరవడానికి లాటిన్ నుంచి తెచ్చుకున్న 'కొరస్కేట్' అయితే పండితుల పుస్తకాలు దాటి సంతలోకి రానేలేదు.

మనకూ ఇలాంటి వరసే ఉంది. వెలుగు, మెరుపు ఇంటివి. ప్రకాశించడం సంస్కృతంతో, కావ్యాల దారిన వచ్చింది. ఉర్దూ మాట్లాడే పొరుగువాళ్ల వల్ల చమ్కీ వచ్చింది. నిజాం ఫర్మానాలు చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి, చమ్కీ ఇంకా పెళ్లిచీరల అంచున ఉంది.