ఒకే షుగరు, రెండు స్వభావాలు

మా ఇంట్లో షుగరు ఇద్దరికి, మావారికీ అత్తయ్యకీ. డాక్టరు ఒక్కరే, మాత్రా ఒకటే, మెట్‌ఫార్మిన్. తీరు మాత్రం తూర్పు, పడమర.

మావారిది హైటెక్ సిటీలో ఉద్యోగం. రీడింగులన్నీ ఎక్సెల్‌లో పెడతారు. పది పాయింట్లు పెరిగితే ఆ రాత్రి నిద్రుండదు. అత్తయ్యేమో "ఈ వయసులో నాకీ లెక్కలెందుకే" అంటూ స్టీలు డబ్బాలో బెల్లం ముక్కలు దాచుకుంటారు.

స్వభావానికీ ఈ జబ్బుకీ లంకె వెతకడం పాతదేనండీ. పుట్టుకతో వచ్చే ప్రమేహం వేరు, తిండివల్ల వచ్చేది వేరు అన్నాడు మన సుశ్రుతుడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్, చాలాకాలం దిగులుపడితే మధుమేహం వస్తుందన్నాడు. 1940ల్లో అమెరికాలో ఫ్లాండర్స్ డన్‌బార్ అనే వైద్యురాలు ఒక్కో జబ్బుకి ఒక్కో వ్యక్తిత్వం గీశారు, షుగరు వాళ్ళతో సహా. ఆ మాట తర్వాత నిలబడలేదు. మంచిదే, జబ్బు చాలక నింద కూడానా!

1998 నవంబరు 22న మాదాపూర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. దానికి రెండు నెలల ముందే బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. కొత్తగా షుగరు బయటపడిన 3,867 మందిని సుమారు పదేళ్ళు గమనించారు. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే కళ్ళు, కిడ్నీల్లాంటి చోట్ల సన్న రక్తనాళాలకు జరిగే చేటు 25 శాతం తగ్గిందట. అంటే పదేళ్ళు రోజూ పట్టుగా ఉండాలి. స్వభావం అడ్డుపడేది అక్కడే. (ఆ పదేళ్ళూ వాళ్ళకి వండిపెట్టింది ఎవరో!)

నిరుడు సంక్రాంతికి అత్తయ్య దుప్పటి మీద రక్తం మరక చూశాను. మడమ పుండు. వారం నుంచి దాచారు. "వాడికి చెప్పకే, మళ్ళీ ఆ లెక్కలు తీసి అరుస్తాడు" అన్నారు. అప్పుడు ఆవిడ మూడు నెలల సగటు 9.4.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఆవిడ ముందు అంకెలు మాట్లాడొద్దని మావారికి గట్టిగా చెప్పాను. ఆయనకీ డాక్టరు చెప్పిన రోజే పరీక్ష. కింది ఫ్లాటు పిన్నిగారితో కబుర్లంటే అత్తయ్య గంటైనా నడుస్తారు. రాత్రి పాదాలకి కొబ్బరినూనె రాసే నెపంతో నేను అరికాళ్ళు, వేళ్ళ సందులు చూస్తాను.

మొన్న 8.1 వచ్చింది. బెల్లం డబ్బా ఇంకా ఉంది. అదెక్కడుందో నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.