ఆమెనెందుకు కోర్టు మెట్లెక్కించారు?

2013 జనవరి 23. కశ్మీర్‌లో నియంత్రణ రేఖ వెంబడి, సైన్యం చేపట్టిన ఆపరేషన్ రక్షక్‌లో భాగంగా ఒక దళం గస్తీ తిరుగుతోంది. ఎముకలు కొరికే చలి. దళంలో ఉన్న నాయక్ హోదా సైనికుడు ఒకతను ఊపిరి అందడం లేదన్నాడు.

హెలికాప్టర్ వస్తే బతికేవాడేమో. ఆ వాతావరణంలో అది రాలేదు. కాలినడకనే అతణ్ని చౌకీబల్‌లోని సైనిక వైద్య కేంద్రానికి చేర్చారు. అప్పటికే ప్రాణం పోయిందని డాక్టర్లు తేల్చారు. గుండె, శ్వాస ఆగిపోవడమే కారణమని రాశారు.

ఆ మరణాన్ని మొదట 'బ్యాటిల్ క్యాజువాలిటీ'గా నమోదు చేశారు. తర్వాత దాన్నే 'ఫిజికల్ క్యాజువాలిటీ' కిందికి మార్చారు. మొదటిదైతే భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, అంటే భర్త ఆఖరి జీతమెంతో అంత. ఆమెకు ఇచ్చింది స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్. అది ఆ జీతంలో 60 శాతమే. ఇంటి పెద్దదిక్కు పోయిన కుటుంబం నెలనెలా ఆ తేడాను భరించింది.

ఆమె సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019 ఆగస్టులో గెలిచింది. 2013 జనవరి నుంచి లెక్కగట్టి పెన్షన్ ఇవ్వాలని, ఎక్స్‌గ్రేషియా కూడా చెల్లించాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. అక్కడితో అయిపోవాల్సిన కేసు ఇది. కేంద్రం సుప్రీంకోర్టుకు అప్పీలుకు వెళ్లింది. అతను పోయింది అనారోగ్యంతో, యుద్ధంలో కాదన్నది ప్రభుత్వ వాదన సారం.

కడుపు మండేది ఇక్కడే. దీనికి జవాబు సైన్యం సొంత నిబంధనల్లోనే ఉంది. ఏయే మరణాలు బ్యాటిల్ క్యాజువాలిటీ కిందికి వస్తాయో 2003 నాటి ఆర్మీ ఆర్డర్ 1 చెబుతుంది. నియంత్రణ రేఖ దగ్గర విధుల్లో ఉండగా, అక్కడి వాతావరణం తెచ్చిపెట్టిన జబ్బుతో పోయినవాళ్లూ ఆ జాబితాలో ఉన్నారు. తమ ఉత్తర్వును తాము చదువుకోవడానికి ప్రభుత్వానికి సుప్రీంకోర్టు కావాల్సి వచ్చిందా?

2024 డిసెంబర్ 3న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ఆ అప్పీలును కొట్టేశారు. ఇలాంటి కేసులో ఆమెను ఇక్కడిదాకా ఈడ్వాల్సింది కాదని, విధుల్లో చనిపోయిన సైనికుడి భార్య పట్ల అధికారులు సానుభూతి చూపాల్సిందని అన్నారు. ఖర్చుల కింద ఆమెకు 50,000 రూపాయలు చెల్లించమన్నారు. అప్పటికి భర్త పోయి పదకొండేళ్లు దాటింది.

సైనికుల మీద, వాళ్ల కుటుంబాల మీద అనవసరపు వ్యాజ్యాలు తగ్గించే దారి చూపమని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ 2015లోనే నిపుణుల కమిటీ వేశారు. ఆ కమిటీ అదే ఏడాది నివేదిక ఇచ్చింది. అది చేతిలో ఉండగానే ఈ అప్పీలు ఫైలు కదిలింది. ఆ 50,000 ప్రజల డబ్బు. ఇకమీదట ఇలాంటి ఖర్చులను అప్పీలుకు సంతకం చేసిన అధికారి జీతం నుంచే వసూలు చేయాలి.