జీర్ణోద్ధారణ ధర్మం



నూతన దేవాలయ నిర్మాణం కంటె శిథిలాలయాన్ని ఉద్ధరించడం మిన్న అని మన పెద్దలు చెబుతారు. దీనికే జీర్ణోద్ధారణ అని పేరు. ఉద్ధరించడమనగా క్రుంగిన దానిని పైకెత్తడమే కాని, పాతదానిని తుడిచివేసి క్రొత్తదానిని నిలపడం కాదు. ఈ తారతమ్యాన్ని హనుమకొండ వేయిస్తంభాల గుడి చరిత్ర మనకు బోధిస్తున్నది.

కాకతీయ రుద్రదేవుడు శాలివాహన శకం 1084లో, అనగా క్రీ.శ. 1163లో, రుద్రేశ్వరునికి, వాసుదేవునికి, సూర్యునికి ఈ త్రికూటాలయాన్ని నిర్మించి, ఆ సంగతిని శిలాశాసనంపై చెక్కించాడు. ఆలయానికి ఎదుట, నందికి ఆవల కల్యాణమండపం ఉన్నది. ఆనాటి స్థపతులు పునాది గోతులలో ఇసుక నింపి, దానిపై శిలలను నిలిపారు. కాలక్రమాన పునాది క్రుంగి, స్తంభాలు ఒరిగి, మండపం ప్రమాదస్థితికి చేరింది. 2006లో భారత పురావస్తు శాఖవారు శిలలకు సంఖ్యలు వేసి, మండపాన్ని విప్పదీశారు. పునాదిని పటిష్ఠపరచి, ఏ శిలను దాని స్థానంలోనే కూర్చి, పనికిరాని వాటికి బదులు మాత్రమే క్రొత్తవి చెక్కించారు. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, మండపం తిరిగి భక్తులకు తెరవబడింది.

పద్దెనిమిదేండ్ల జాప్యం భక్తులకు బాధ కలిగించిన మాట నిజమే. సిమెంటుతో కట్టి ఉంటే ఏడాదిలో మండపం లేచేదేమో! కాని అది కాకతీయుల మండపం అయ్యేది కాదు.

మన గ్రామాలలోని ప్రాచీనాలయాల మాటేమిటి? భక్తితోనే మనం రాతిగోడలకు రంగులు పూయిస్తాము, సందులలో సిమెంటు నింపిస్తాము. సున్నపు గచ్చు గోడలోని చెమ్మను వెలికి పోనిస్తుంది. సిమెంటు దానిని లోపలనే బంధిస్తుంది. అప్పుడు చెమ్మలోని లవణాలు రాతిలో పేరుకొని, పైపొరను పెళ్లలుగా రాల్చివేస్తాయి. ఇసుకను వేగంగా చిమ్మి కడిగితే మాసినతో పాటు శిల్పుల ఉలిగీతలు, శాసనాక్షరాలు కూడ చెరిగిపోతాయి. చెరిగిన అక్షరాన్ని ఏ దాత తిరిగి ఇవ్వగలడు?

కనుక జీర్ణోద్ధారణకు విరాళమిచ్చే ప్రతి భక్తుడూ, "ఎంత క్రొత్తగా కనిపిస్తుంది?" అని కాక, "పాతది ఎంత నిలుస్తుంది?" అని అడగాలి. పూర్వులు మనకు అప్పగించిన శిలను మన తరువాతివారికి అప్పగించడమే మన సేవ.

శుభమస్తు.